పక్కింటి మూకుడు

పక్కింటావిడ పోయిందన్న వార్త నాకంటే ముందు నా కూతురికి తెలిసింది. షాంటిలీలో మా ఇల్లూ ఆవిడ ఇల్లూ ఒకే గోడకి అటూ ఇటూ ఉంటాయి. నా కూతురు ఉండేది దేశానికి ఆ చివర, బాతెల్‌లో. ఆ ఉదయం ఫార్మసీకి బయల్దేరబోతూ కారు తాళాలు వెతుక్కుంటుంటే ఫోన్ మోగింది. అక్కడింకా తెల్లవారి ఉండదు.

"అమ్మా, నువ్వు ఫస్ట్ కూర్చో," అంది. "వోవో పోయింది. నిద్రలోనే. వాళ్ళబ్బాయి ఇప్పుడే కాల్ చేశాడు."

కూర్చున్నాను. ఏడుపు రావలసిన చోట నాకు మొదట వచ్చిన మాట, "నీకెందుకు ముందు చేశాడు?"

"వోవో ఫోన్‌లో ఫేవరెట్స్‌లో ఫస్ట్ నేనే ఉన్నానంట," అంది నా కూతురు, ముక్కు చీదుకుంటూ.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళ మంచితనంతో మొదలుపెట్టడం మర్యాద. మంచితనం దగ్గరకి వస్తాను. కానీ మా ఇద్దరి మధ్య మొదటినుంచీ ఉన్నదీ, చివరిదాకా నిలిచిందీ కుళ్ళు. దాన్ని పక్కన పెడితే ఆవిడ గురించి చెప్పడానికి నాకు దారి దొరకడం లేదు.

ఆవిడది బ్రెజిల్. మేము ఈ ఇంట్లోకి వచ్చిన మొదటి డిసెంబరులో పరిచయమైంది. ఇక్కడి తెలుగిళ్ళలో నూనె వంటలకి గరాజే వంటిల్లు. లోపల చేస్తే ఆ వాసన కోట్లకీ కర్టెన్లకీ పట్టి వదలదు. మాది నరసాపురం వైపు. క్రిస్మస్ అంటే మా అమ్మ కజ్జికాయలు, గులాబీ పువ్వులు చేసేది. నేనూ అదే పద్ధతిలో గరాజ్ తలుపు సగం ఎత్తి, మూకుడు పెట్టుకుని కజ్జికాయలు వేయిస్తున్నాను. పక్క గరాజ్‌లోంచి కూడా కాగిన నూనె వాసన వస్తోంది. కాసేపటికి చేతిలో చిల్లుల గరిటెతోనే ఒకావిడ వచ్చి నిలబడింది. పొట్టి మనిషి, తెల్లటి పొట్టి జుట్టు, ఒంటిమీద స్కూల్ బస్ డ్రైవర్ల జాకెట్.

నా పళ్ళెంలో కజ్జికాయల్ని చూసి ఆవిడ మొహం వెలిగింది. "పస్తేవ్!" అని అరిచి, అడక్కుండానే ఒకటి తీసి కొరికింది. వెలిగిన మొహం వెంటనే ముడుచుకుంది.

"లోపల చక్కెరా?"

"చక్కెర, కొబ్బరి, యాలకులు," అన్నాను.

"అయ్యో పాపం," అంది. ఆవిడది విరిగిన ఇంగ్లీషే గానీ, నాకు మాత్రం అన్నీ తెలుగులోనే గుర్తున్నాయి. "ఇంత చిన్నది. అందులోనూ తియ్యనిది. ఉండు."

వెళ్ళి తనది ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. దాన్ని స్పెల్లింగు ప్రకారం పాస్టెల్ అనాలి. అరచెయ్యి దాటిన పొడవు, చిన్న దిండులాగా పొంగి ఉంది. అంచులు నాలాగా వేళ్ళతో మెలిపెట్టినవి కావు, ఫోర్కుతో నొక్కినవి. పైన పొరంతా సన్నసన్నటి పొక్కులు. కొరగ్గానే అప్పడంలా విరిగింది. లోపలినుంచి ఆవిరి వచ్చి నా కళ్ళజోడు మసకబారింది. ఆ తరవాత ఖీమా, ఉల్లిపాయ, కరిగిన చీజ్. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. పుల్లకూర అయితే సర్దుకుపోయేదాన్ని. ఇది మా కజ్జికాయకి అక్కలా ఉంది. ఒడ్డూ పొడుగూ ఉన్న అక్క. చిన్నప్పుడు నాకూ అలాంటి అక్క ఉండేది కనక ఆ బాధ నాకు తెలుసు.

"మా భాషలో పస్తు అంటే తినడానికి ఏమీ లేకపోవడం," అన్నాను, ఏదో ఒకటి అనాలని.

ఆవిడ గరిటె పట్టుకుని పడీపడీ నవ్వింది. "మా భాషలో అది పోగొట్టేదే పస్తేవ్," అంది.

వాళ్ళ ఊళ్ళో వారానికోసారి వీధి సంత జరిగేదట. కూరగాయల బండ్లన్నీ దాటాక ఆ చివర పెద్ద మూకుడు, పక్కనే చెరుకు రసం మిషన్. చిన్నప్పుడు వాళ్ళమ్మ వెనక సంచులు మోసినందుకు కూలీ అదే: ఒక పాస్టెల్, ఒక గ్లాసు రసం. "సంచులు బరువుగా ఉన్నాయని నేను ఎప్పుడూ ఏడవలేదు. మూకుడు చివర ఉంది కదా," అనేది. ఇక్కడ శనివారాలు వాళ్ళ వాళ్ళు సాకర్ ఆడే మైదానానికి ట్రేల నిండా చేసి పట్టుకెళ్ళేది.

నా కూతురి స్కూల్ బస్ నడిపేది ఆవిడే. బస్ షెడ్డులో పెట్టి ఆవిడ ఇంటికి వచ్చేసరికి మా అమ్మాయి మా మెట్లమీద కూర్చుని ఉండేది. నాకు ఫార్మసీలో సాయంత్రం షిఫ్టులు, మా ఆయనకి ఎప్పుడూ మీటింగులు. "ఖాళీ ఇంట్లో పిల్ల ఎందుకు? నా వంటింట్లో స్టూల్ ఖాళీగా ఉంది," అంది ఆవిడ. ఎప్పుడూ బదులుగా ఏమీ కోరలేదు. నా బిడ్డ బాల్యంలో సాయంత్రాలన్నీ ఆ స్టూల్ మీద గడిచాయి. నేను వచ్చేసరికి వేళ్ళకి పిండి, బుగ్గకి పిండి. వీడియో కాల్‌లో మా అమ్మని "హాయ్ అమ్మమ్మా" అని పలకరించి పారిపోయే పిల్ల, పక్కింటి తలుపు తీసి "వోవో!" అని కేక పెట్టేది. వోవో అంటే వాళ్ళ భాషలో అమ్మమ్మ, నానమ్మ రెండూనట. రెండు పదవులూ ఒక్కరికే.

పిండిలో ఏం వేస్తారని ఒకసారి అడిగాను. "ఓపిక," అంది. మళ్ళీ అడిగితే "ప్రార్థన," అంది. ఇక అడగలేదు.

ఒక డిసెంబరులో మా తెలుగు చర్చి వాళ్ళు కేరల్స్‌కి మా ఇంటికి వచ్చారు. డైనింగ్ టేబుల్ నిండా కజ్జికాయలు, గులాబీ పువ్వులు, టీ సిద్ధం చేశాను. పాటలు వినబడి పక్క గరాజ్ తలుపు లేచింది. ఆవిడ వేడివేడి ట్రేతో బయటికొచ్చింది. అంతే, గిటారుతో సహా జనమంతా అటు కదిలారు. పాస్టర్ అమ్మగారు ఒకటి తిని, రెండోది చేతిలో పట్టుకుని నా దగ్గరికొచ్చారు.

"సిస్టర్, ఇవి ఏ రెస్టారెంట్‌లో ఆర్డర్ చేశారు? నెక్స్ట్ ఫెలోషిప్ లంచ్‌కి ఇవే పెట్టిద్దాం."

"పక్కింటావిడ చేసింది అమ్మగారూ."

"ఎంత మంచి పొరుగునిచ్చాడండీ దేవుడు మీకు!"

నేను ఇంకో పాట పాడమంటే, ఇంకా చాలా ఇళ్ళున్నాయన్నవాళ్ళు ఆవిడ గరాజ్‌లో రెండు పాటలు పాడారు.

అందరూ వెళ్ళాక ప్లేట్లు తీస్తుంటే మా అమ్మాయి వేళ్ళు నాకుతూ, "అమ్మా, వోవో దాంట్లో సారా వేస్తుంది తెలుసా?" అంది.

"ఏంటీ?"

"షుగర్‌కేన్ సారా. కొంచెమే. క్రస్ట్‌కి బబుల్స్ రావడానికి. మూతతో నేనే పోస్తాను."

మా చర్చిలో దగ్గు మందు కూడా లేబుల్ చూసి తాగుతారు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటికి పరుగెత్తాను. ఆవిడ తాపీగా నూనె వడకడుతోంది.

"నూనెలో పడ్డాక అన్నీ ఆవిరే," అంది. "మీ పాస్టరమ్మ మూడు తిన్నది. తిన్నగానే నడిచి వెళ్ళింది కదా?"

ఆ తరవాత ఫెలోషిప్ లంచ్‌కి ఆవిడ సారా మాని వెనిగర్ వేసి చేసింది. అప్పుడైనా పొంగవేమో అని చూశాను. పొంగాయి. గుట్టు ఆ సీసాలో కూడా లేదన్నమాట. నన్ను కుదిపింది సారా కాదు, వెనిగరూ కాదు. ఓపిక అనీ ప్రార్థన అనీ నాకు చెప్పిన మనిషి, నా కూతురి చేతికి మూత ఇచ్చింది.

మీ అమ్మ నా మూకుడు వంక అలా చూస్తుందేం అని ఆవిడ అడిగితే, నా కూతురు దాన్ని తెలుగులో కుళ్ళు అంటారని చెప్పింది. ఆవిడకి వచ్చిన తెలుగు మాట అదొక్కటే. అప్పటినుంచీ పొద్దున్నే చెత్తడబ్బా బయటపెడుతూ ఎదురైతే, "గుడ్ మార్నింగ్, కుల్లు!" అనేది. మొదట్లో ఒళ్ళు మండేది. తరవాత ఆ పలకరింపు లేకపోతే ఏదో వెలితిగా ఉండేది.

అమ్మాయి చదువైపోయి బాతెల్‌లో ఉద్యోగంలో చేరింది. మొదటి థాంక్స్‌గివింగ్‌కి వస్తోందని నేను గోంగూర పచ్చడి, రొయ్యల ఇగురు చేసి కిటికీలో నిలబడ్డాను. టాక్సీ దిగింది. సూట్‌కేస్ దొర్లించుకుంటూ నేరుగా పక్క గరాజ్‌లోకి వెళ్ళిపోయింది. చాలాసేపటికి, మూతికి నూనె మెరుస్తూ, "అమ్మా, కొంచెమే పెట్టు, ఫుల్ అయిపోయాను," అంటూ మా ఇంట్లో అడుగుపెట్టింది.

మర్నాడు ఆవిడతో అన్నాను, "నా కూతురు ముందు మీ ఇంటికే వస్తుంది."

ఆవిడ నవ్వలేదు. "నా కొడుకు ఈ వేసవిలో వచ్చాడు చూశావా? హోటల్లో దిగాడు. వాళ్ళావిడకి నూనె వాసన పడదట," అంది. "మనిషికి ఆకలి ఎక్కడైనా తీరుతుంది. నిద్ర పట్టే చోటే ఇల్లు. నీ పిల్ల నా దగ్గర తిని నీ ఇంట్లో పడుకుంటుంది. రాత్రి గోడ అవతల మీరిద్దరూ గొడవపడుతుంటే వింటాను. నాకు ఎంత కుల్లో నీకు తెలియదు."

ఆ డిసెంబరులో, ప్రతి క్రిస్మస్‌కీ ఇచ్చే స్టీలు డబ్బా నిండా కజ్జికాయలు పెట్టి ఇచ్చాను. ఆవిడ ఎప్పట్లాగే మొహం ముడిచి, "తీపి. పళ్ళకి మంచిది కాదు," అని తీసుకుంది. ఎప్పట్లాగే డబ్బా ఖాళీగా తిరిగొచ్చింది. "మా అబ్బాయికి పంపాను. ఈసారి పెద్ద డబ్బా ఇవ్వు," అంది.

మా అమ్మ పోయినప్పుడు టికెట్ దొరికేసరికే అక్కడ సమాధి కూడా అయిపోయింది. నేను వెళ్ళలేదు. మా ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు. నేను సోఫాలో ఒక మూల కూర్చుని ఉన్నాను. ఆవిడ లోపలికొచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి ట్రేలు వచ్చాయి. ప్రార్థన ముగిశాక, అమ్మ గురించి మాట్లాడవలసిన జనం పాస్టెల్ గురించి మాట్లాడుకున్నారు. ఖీమాదా, పనీరుదా, ఇంకోటి వేసుకోండి. ఏడుపు ఆపి వాళ్ళ వంక గుర్రుగా చూశాను. అందరూ వెళ్ళాక ఆవిడనే అడిగాను, ఈ రోజు కూడా అంత బాగా చెయ్యాలా అని.

"కోపం వస్తే ఏడుపు కాస్త ఆగుతుంది," అంది. "అందుకే ఇవాళ ఇంకొంచెం బాగా చేశాను."

ఆ వారంలో నేను తిండి తిన్నది ఆ పూటే.

పోయిన ఏడాది ఆవిడకి స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. ఇంగ్లీషు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది, పోర్చుగీసు మాత్రం మిగిలింది. ఆవిడని చేర్చిన నర్సింగ్ హోమ్‌లో నర్సులకి ఆవిడ మాట తెలియదు. నాకూ తెలియదు. తెలిసింది నా కూతురికి. స్టూల్ మీద కూర్చుని నేర్చుకున్న వంటింటి భాషలో వీడియో కాల్‌లో గలగలా మాట్లాడేది. నేను మంచం పక్కన ఫోన్ ఎత్తి పట్టుకుని, నా కూతురి నోటినుంచి ఒక్క ముక్క అర్థంకాని మాటలు వినేదాన్ని. వాళ్ళిద్దరూ నవ్వుకునేవాళ్ళు. నేను స్టాండులాగా నిలబడేదాన్ని.

కాల్ అయ్యాక మేమిద్దరమే మిగిలేవాళ్ళం. నేను తెలుగులో మాట్లాడేదాన్ని, షాపులో ఎవరు గొడవపడ్డారో, చర్చిలో ఎవరు అలిగారో. ఆవిడ పోర్చుగీసులో జవాబిచ్చేది. ఒకరి భాష ఒకరికి రాకపోయినా, ఎవరి మీద చాడీలు చెప్పుకుంటున్నామో మాత్రం ఇద్దరికీ తెలుసనిపించేది.

ఒక ఆదివారం నేను మొదటిసారి పాస్టెల్ చేశాను. వెనిగర్ వేసి, పల్చగా వత్తి, ఖీమా పెట్టి, ఫోర్కుతో అంచులు నొక్కాను. పొంగింది. పొక్కులు కూడా వచ్చాయి. ఇంత వయసొచ్చాక మూకుడు ముందు గంతులేశాను. మూత పెడితే మెత్తబడుతుందని కాగితంలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని డ్రైవ్ చేశాను. ఆవిడ తినలేదని తెలుసు. మింగడం కష్టమై అన్నీ మెత్తగా చేసి పెడుతున్నారు. అందుకని చెవి దగ్గర పెట్టి విరిచాను. కరకరమన్న చప్పుడుకి ఆవిడ కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. తరవాత కళ్ళు తెరిచి, ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుని, విరిగిన ముక్క లోపలికి తొంగి చూసింది. పగులుతుందన్న భయంతో నేను కొంచెమే పెట్టిన ఖీమా ఒక మూల చిన్న ముద్దగా అంటుకుని ఉంది.

"వెంతూ," అంది. ఆ వంకర పడిన నోటితోనే భుజాలు కదిలేలా నవ్వింది.

బయటికొచ్చి నా కూతురికి ఫోన్ చేసి ఆ మాటకి అర్థం అడిగాను. అదీ నవ్వింది. "గాలి అని అమ్మా. లోపల స్టఫింగ్ లేకపోతే గాలి పాస్టెల్ అని వెక్కిరిస్తారు."

మళ్ళీ చేద్దామనుకున్నాను, ఈసారి పగిలినా సరే నిండా కూరి. ఆ ఆదివారం రాకముందే ఆ ఫోన్ వచ్చింది.

అంత్యక్రియలు వాళ్ళ చర్చిలో జరిగాయి. నా కూతురు వచ్చింది. అందరి ముందూ నిలబడి వాళ్ళ భాషలో నాలుగు మాటలు చెప్పింది. నాకు అర్థమైంది వోవో ఒక్కటే. ముందు వరసలో ఉన్న ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నేను పోయినప్పుడు ఇది తెలుగులో ఇంత బాగా మాట్లాడగలదా అనిపించింది. ఆవిడ పెట్టె ముందు నిలబడి అనుకోవలసిన మాట కాదు. కానీ ఆవిడ విని ఉంటే నవ్వేది.

తరవాత హాల్లో కాఫీ పెట్టారు. సాకర్ మైదానంలో విజిల్ ఊదే ముసలాయన ఒకాయన ఆవిడ కొడుకు చెయ్యి పట్టుకుని ఇంగ్లీషులో అన్నాడు, "పాస్టెల్ ఎవరో ఒకరు చేస్తారులే. మీ అమ్మ క్రిస్మస్‌కి తెచ్చేదే, నెలవంకలా ఉండి లోపల కొబ్బరి, అది ఇక ఎవరు చేస్తారు? అలాంటిది నేను బ్రెజిల్లో కూడా తినలేదు."

చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునన్నారు. అంచులు ఎంత అందంగా మెలిపెట్టేదో అని ఒకామె గాల్లో వేళ్ళు తిప్పి చూపించింది.

కొడుకు తల దించుకున్నాడు. "అమ్మ ఎవరికీ నేర్పలేదు," అన్నాడు. "నేను అడగనూ లేదు."

నెలవంక. కొబ్బరి. మెలిపెట్టిన అంచు. ప్రతి డిసెంబరులో మొహం ముడుచుకుని తీసుకున్న నా స్టీలు డబ్బాలు. కొడుకు మొహం చూస్తే అతనికి ఒక్కటీ పంపలేదని తెలిసిపోతోంది. నా కూతురి వంక చూశాను. దాని చెవులు ఎర్రగా అయిపోయాయి. దానికి తెలుసు.

గొంతులో ఆ మాట తయారుగా ఉంది. అవి నావి, మా అమ్మవి, నరసాపురంవి. నోరు తెరిచాను. ఆవిడ కొడుకు ఇంకా నేల చూపులు చూస్తున్నాడు.

"నాకు వచ్చు," అన్నాను. "ఆవిడే నేర్పింది."

ముసలాయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఏడో రోజున చర్చిలో ఆవిడ ఆత్మ కోసం పూజ ఉంటుందనీ, దానికి చేసి తెమ్మనీ అడిగాడు. సరే అన్నాను.

కారు సిగ్నల్ దగ్గర ఆగాక, "నీకు ఎప్పటినుంచి తెలుసు?" అన్నాను.

"చిన్నప్పటినుంచి. వోవో ప్రామిస్ చేయించుకుంది." సీటు బెల్టు సర్దుకుంటూ, "ఆ కోకోనట్‌వి నా పాస్టెల్ కన్నా బెటర్, అది మీ అమ్మకి చెప్పకు, చెబితే ఇంక తనని గరాజ్‌లో పట్టలేం అంది," అని నవ్వబోయి ఏడ్చేసింది. ఏడుపూ నవ్వూ కలిసిన ఆ మొహాన్ని చూస్తూ ఉండిపోయాను. వెనక కారువాడు హారన్ కొట్టాడు.

ఏడో రోజుకి ఆవిడ కొడుకు ఇంటి తాళం ఇచ్చాడు. రెండు గరాజ్ తలుపులూ ఎత్తిపెట్టాం. అటు నా కూతురు పాస్టెల్, ఇటు నేను కజ్జికాయలు. మధ్యలో అది ఇటు వచ్చి, నా చేతిలోని చక్కెర కొబ్బరి నోట్లో వేసుకుని, అంచు ఎలా మెలిపెట్టాలో చూపించమంది. ఎప్పుడూ అడగని మాట. చూపించాను. మొదటివి రెండు నూనెలో విచ్చుకుపోయాయి, మూడోది నిలిచింది.

పూజ అయ్యాక పళ్ళేలు పెట్టాం. పాస్టెల్ దగ్గర వరస కట్టారు. ముసలాయన మాత్రం నేరుగా నా దగ్గరికొచ్చి ఒక కజ్జికాయ తీసుకున్నాడు. నెమ్మదిగా కొరికాడు. నమిలాడు. నేను ఆయన మొహం వంకే చూస్తున్నాను.

"బాగున్నాయి," అన్నాడు. తరవాత, నన్ను నొప్పించకూడదని గొంతు తగ్గించి, "కానీ ఏమీ అనుకోకమ్మా, ఆవిడ చేతి రుచి వేరు."

నా కొబ్బరి, నా యాలకులు, నా చెయ్యి. ఒళ్ళంతా భగ్గుమంది. చచ్చిపోయినావిడ మీద, నా కజ్జికాయల విషయంలోనే, నాకు మళ్ళీ కుళ్ళు పుట్టింది.

"నిజమే," అన్నాను. "వేరే."

ఆయన తల ఊపి, ఇంకో రెండు తీసి నాప్కిన్‌లో చుట్టుకుని బయటికి నడిచాడు. హాలు కిటికీలోంచి పార్కింగ్ కనిపిస్తోంది. పొద్దు వాలుతోంది. ఆయన కార్‌లో కూర్చున్నాడు గానీ స్టార్ట్ చెయ్యలేదు. తలుపు సరిగ్గా పడనట్టుంది, లోపలి దీపం వెలుగుతూనే ఉంది. ఆ వెలుగులో నాప్కిన్ విప్పి, కజ్జికాయ కింద అరచెయ్యి పట్టుకుని, కొద్దికొద్దిగా తింటున్నాడు. నల్లకోటు మీద కొబ్బరి తెల్లగా రాలుతోంది. ఆయన దాన్ని దులపడం లేదు.